అలసిపోవడం పాపమా? సేవ, శరీరం, ధర్మం



ఈ వారం వీడియోలో ద్రోణపర్వంలోని ఒక రాత్రి గురించి చెప్పుకున్నాం. అసలు ఆ కథ నాకు ఎందుకు పట్టుకుందో మాత్రం వీడియోలో చెప్పలేదు. చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి, కెమెరా ముందు అది నా వల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

గడియకి కట్టిన గంట

మా నాన్నమ్మకి ఎనభై రెండేళ్ళు. మతిమరుపు జబ్బు మొదలై నాలుగేళ్ళు దాటింది. డిమెన్షియా అన్నారు డాక్టర్లు. పగలు ఫరవాలేదు, టీవీలో భజనలు పెడితే చేతులు తడుతూ కూర్చుంటుంది. రాత్రి రెండు గంటలకి మాత్రం లేచి "పాలు పొంగిపోతున్నాయి, గేదెకి కుడితి పెట్టలేదు" అంటూ తలుపు దగ్గరికి నడుస్తుంది. ఉండేది కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటులో. మనసు మాత్రం తెనాలి దగ్గర పల్లెలో, యాభై ఏళ్ళ కిందటి పెరట్లో ఉంటుంది.

ఒకసారి లిఫ్టు దాకా వెళ్ళిపోయింది. ఆ మర్నాడు అమ్మ పూజగదిలోంచి చిన్న గంట ఒకటి తీసి, నాన్నమ్మ గది గడియకి దారంతో కట్టింది. గడియ కదిలితే గంట మోగుతుంది, గంట మోగితే అమ్మ లేస్తుంది. రాత్రికి రెండుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు. నాన్న పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళాలి కాబట్టి వేరే గదిలో పడుకునేవారు. నాకేమో రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్స్, ఆ తర్వాత మన ఛానెల్ ఎడిటింగ్. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉంటే గంట వినపడదు కదా. లేనప్పుడు వినపడినా, అమ్మ లేస్తుందిలే అనుకునేవాణ్ణి. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా సేపు పట్టింది.

రెండేళ్ళ కిందట మాతృదినోత్సవానికి ఒక వీడియో చేశాను. పాత ప్రేక్షకులకి గుర్తుండే ఉంటుంది. అమ్మ అంటే అలసట ఎరగని దేవత, ఫలితం ఆశించకుండా పని చేసే కర్మయోగి అని చెప్పాను. వెనకాల వీణ వాయిద్యం, దీపం వెలుగులో అమ్మ చేతులు. ఆ చేతులు మా అమ్మవే. చాలామంది చూశారు, చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నామన్నారు. అమ్మ కూడా చూసింది. "బాగుంది రా" అని, నాన్నమ్మ దుప్పటి మార్చడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది కార్తీక మాసంలో అమ్మకి కుడివైపు పక్కటెముకల దగ్గర మంట మొదలైంది. గ్యాస్ అనుకుంది. కండరం పట్టిందేమో అని జెండూబామ్ రాసుకుంది. తర్వాత అక్కడే ఒక పట్టీ కట్టినట్టు ఎర్రగా పొక్కులు లేచాయి. నాన్నమ్మకి స్నానం ఎవరు చేయిస్తారని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చీర తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చాక చెప్పింది.

మా పక్క ఫ్లాటు ఆంటీ వచ్చి చూసి, "ఇది సర్పి. నడుం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రమాదం. ఏదో నాగదోషం ఉంది, శాంతి చేయించండి" అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు. మేము డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరుగారు చూడగానే గుర్తుపట్టారు. షింగిల్స్. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అమ్మా?" అని అడిగారు. పోసింది. ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదట. నరాల మూలాల్లో దాక్కుని, దశాబ్దాల పాటు నిద్రపోతూ ఉంటుంది. మన రోగనిరోధక శక్తి దానికి కాపలా కాస్తూ ఉంటుంది. కాపలా సడలితే అది లేచి, ఆ నరం వెంట చర్మం దాకా వస్తుంది. అందుకే ఒకవైపే, ఒక పట్టీలాగే వస్తుంది. పామూ లేదు, చుట్టుకోవడమూ లేదు. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుందట. మేం ఆ గడువు దాటి వెళ్ళాం.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇది: "నిద్ర ఎలా ఉంటోందమ్మా?"

అమ్మ నవ్వింది. "నిద్రకేముందండీ, కునుకు పడుతుంది" అంది. నేను పక్కనే కూర్చున్నాను. నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్నని ఆయన రెండు నిమిషాల్లో అడిగారు.

"యాభై దాటాక ఇది ఎవరికైనా రావచ్చు. వయసే పెద్ద కారణం. ఏళ్ళ తరబడి నిద్రలేమి, ఒత్తిడి కూడా తోడై ఉండొచ్చు. ఇదే కారణం అని మాత్రం ఎవరూ చెప్పలేరు" అన్నారాయన. పొక్కులు మూడు వారాల్లో మానాయి. నొప్పి నాలుగు నెలలు ఉంది.

ఆ నొప్పి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం అమ్మని గుడికి తీసుకెళ్ళాను. హారతి వేళ గంట కొట్టారు. అందరూ చేతులు జోడించారు. అమ్మ ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు రెండడుగులు వేసింది. నా వైపు చూసి, "అత్తయ్య లేచిందేమో అనుకున్నా రా" అంది.

దేవుడి గంట మా అమ్మకి భయం గంట అయిపోయింది. నా దేవత వీడియోకి ఇంతకంటే పెద్ద జవాబు ఇంకెవరూ ఇవ్వలేరు.

అర్జునుడి చేతులు ఎందుకు వణికాయి?

ఒత్తిడి అనేది ఈ కాలం జబ్బు అనుకుంటాం. గీత మొదటి అధ్యాయం తెరిచి చూడండి. రెండు సేనల మధ్య నిలబడ్డ అర్జునుడు తన ఒంట్లో ఏమవుతోందో తానే చెబుతాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి, చర్మం మండుతోంది, గాండీవం చేతిలోంచి జారుతోంది. మనసులో పుట్టిన బాధ ఒంట్లోకి ఎలా దిగుతుందో వరసగా చెప్పిన వర్ణన అది.

ఇప్పటి వైద్యం దీని వెనక ఉన్న యంత్రాంగాన్ని చెబుతుంది. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి కబురు వెళ్తుంది. ముందు అడ్రినలిన్ వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నోట్లో లాలాజలం తగ్గుతుంది, రక్తం కండరాలకి మళ్ళుతుంది. గాయం తగలొచ్చు కాబట్టి రోగనిరోధక కణాలు కొన్ని నిమిషాల్లోనే రక్తంలోకి దిగి సిద్ధంగా ఉంటాయి. వెనకాలే కార్టిసాల్ వస్తుంది. కావలసిన శక్తిని అందిస్తూ, ఒంట్లో వాపు హద్దు మీరకుండా చూడటం దాని పనుల్లో ఒకటి. అంటే కొద్దిసేపటి ఒత్తిడి మన శత్రువేం కాదు. రోడ్డు దాటుతుంటే బస్సు మీదికొచ్చినప్పుడు మనల్ని పక్కకి దూకించేది అదే.

బస్సు వెళ్ళిపోయాక గంట మోగడం ఆగాలి. ఆగకపోతేనే చిక్కు.

క్లాసులో రోజంతా "సైలెన్స్, సైలెన్స్" అని అరిచే మాస్టారిని ఊహించుకోండి. మొదటి వారం పిల్లలు వింటారు. నెల తిరిగేసరికి ఆ అరుపు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. కార్టిసాల్ సంగతీ అంతే. నెలలూ ఏళ్ళూ అదే పనిగా వస్తుంటే రోగనిరోధక కణాలు దాని మాట వినడం తగ్గించేస్తాయి. అప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. ఒకవైపు, అణగవలసిన వాపు అణగదు, ఒంట్లో సన్నటి సెగలా కొనసాగుతూ ఉంటుంది. ఇంకోవైపు, వైరస్‌ల మీద కాపలా, టీకాకి స్పందించడం, గాయాన్ని మాన్పడం లాంటి అసలు పనులు మందగిస్తాయి. "ఇమ్యూనిటీ తగ్గింది" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, నిజానికి అది దారి తప్పిన పాలన లాంటిది. పని జరగాల్సిన చోట జరగదు, అక్కర్లేని చోట హడావిడి.

గాయం మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ

అమ్మ నొప్పితో పడుకున్న ఆ నాలుగు నెలల్లో నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ దగ్గర ఆగిపోయాను. జానిస్ కీకోల్ట్-గ్లేసర్, రొనాల్డ్ గ్లేసర్ అనే భార్యాభర్తలు అక్కడ పరిశోధకులుగా పనిచేశారు. ఆవిడ మనస్తత్వ శాస్త్రం, ఆయన వైరస్‌లు. మనసుకీ రోగనిరోధక శక్తికీ ఉన్న సంబంధాన్ని వాళ్ళు కలిసి పరిశోధించారు.

1995లో వాళ్ళ బృందం లాన్సెట్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. డిమెన్షియా ఉన్న బంధువులకి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలు ఒకవైపు. దాదాపు అదే వయసు, అదే ఆదాయం ఉండి, అలాంటి బాధ్యత లేని 13 మంది స్త్రీలు ఇంకోవైపు. అందరికీ చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం, ఒకే రకంగా చేశారు. అది పూర్తిగా మానడానికి రెండో జట్టుకి సగటున 39 రోజులు పట్టింది. సేవ చేస్తున్నవాళ్ళకి దాదాపు 49 రోజులు పట్టింది.

అది చదివినప్పుడు నాకు అమ్మ మోచేతి మీది మచ్చ గుర్తొచ్చింది. పోపు వేస్తుంటే నూనె చిందిన మచ్చ. "ఇదేంటి ఇంకా మానలేదు" అని అమ్మ అంటే, "షుగర్ టెస్ట్ చేయించుకో" అని ఫోన్ చూస్తూ అన్నాను.

మరి మనలాంటి వాళ్ళ సంగతి? పరీక్షల ముందు నోటిపూత రావడం, ప్రాజెక్టు డెడ్‌లైన్ అయ్యీ అవగానే జలుబు చేయడం మీలో చాలామందికి అనుభవమే కదా. 1998లో అదే బృందం 11 మంది డెంటల్ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేసింది. అంగిట్లో చిన్న గాయం, ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షలకి మూడు రోజుల ముందు. పరీక్షల వేళ అదే గాయం మానడానికి 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళందరూ కుర్రవాళ్ళు, ఆరోగ్యవంతులు. నిద్ర లెక్క కూడా ఉంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 164 మంది నిద్రని వారం పాటు పరికరంతో కొలిచి, తర్వాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. రాత్రికి ఏడు గంటల పైన నిద్రపోయినవాళ్ళతో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయినవాళ్ళకి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది.

నన్ను ఎక్కువ కలతపెట్టింది మాత్రం 2003లో వచ్చిన ఇంకో అధ్యయనం. డిమెన్షియా ఉన్న భార్యకో భర్తకో సేవ చేస్తున్న 119 మందిని, అలాంటి బాధ్యత లేని 106 మందిని ఆరేళ్ళ పాటు గమనించారు. ఒంట్లో వాపుకి గుర్తుగా కొలిచే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం వయసుతో పాటు అందరిలోనూ పెరుగుతుంది. సేవ చేసేవాళ్ళలో అది పెరిగే వేగం సుమారు నాలుగు రెట్లు ఉంది. చూసుకుంటున్న మనిషి చనిపోయి, సేవ ముగిసిపోయిన తర్వాత కూడా కొన్నేళ్ళ పాటు ఆ తేడా అలాగే ఉండిపోయింది.

అంటే గడియకి కట్టిన గంట విప్పేసినా, లోపల అది మోగుతూనే ఉంటుందన్నమాట.

ప్రేమతో చేస్తే అలసట ఉండదా?

ఇక్కడికొచ్చేసరికి మన మనసులో ఒక ప్రశ్న లేస్తుంది. నాకూ లేచింది. స్వార్థంతో, కోపంతో, ఆశతో చేసే పని మనిషిని తినేస్తుంది, సరే. ప్రేమతో, ఫలాపేక్ష లేకుండా చేసే సేవ కూడా శరీరాన్ని అరగదీస్తుందా? అలా అయితే నిష్కామకర్మకి అర్థమేంటి?

చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను, మీకు వేరేలా తోచవచ్చు.

నిష్కామ భావం కొన్ని భారాలని నిజంగానే తగ్గిస్తుంది. ఎవరు మెచ్చుకుంటారో, ఎవరు తప్పుపడతారో అన్న లెక్క పోతుంది. అమ్మకి నాన్నమ్మ మీద కోపం లేదు. పెళ్ళైన కొత్తల్లో నాన్నమ్మ పెట్టిన ఆరళ్ళు కూడా ఇప్పుడు నవ్వుతూనే చెబుతుంది. అదంతా మనసుకి సంబంధించిన విముక్తి. అది చిన్న విషయం కాదు. కానీ రాత్రి రెండింటికి ఎందుకు లేచావని శరీరం అడగదు. భక్తితో లేచినా విసుక్కుంటూ లేచినా, నిద్ర పోయినట్టే. నిప్పు మీద చెయ్యి పడితే దానం చేసే చెయ్యా దొంగిలించే చెయ్యా అని నిప్పు చూడదు కదా. ప్రకృతి నియమాలు పక్షపాతం లేనివి. ఆ నియమాలు కూడా దేవుడివే అని నమ్మేవాళ్ళం మనం.

ఇంకొక మాట. ఫలం ఆశించకుండా పని చెయ్యి అన్నది పని చేసేవాడు తనకి తాను చెప్పుకోవలసిన మాట. పక్కన కూర్చున్నవాడు ఇంకొకరి నెత్తిన పెట్టడానికి కాదు. నేను చేసిన తప్పు అక్కడే ఉంది. అమ్మని కర్మయోగి అని పొగిడాను. ఆ పొగడ్త వల్ల నాకొక సౌకర్యం కలిగింది. దేవతకి అలసట ఉండదు, అలసట లేనివాళ్ళకి సాయం అక్కర్లేదు. దండం పెడితే చాలు. దండం పెట్టడానికి అర నిమిషం పడుతుంది, రాత్రి లేచి నాన్నమ్మ బట్టలు మార్చడానికి ముప్పావుగంట పడుతుంది. నేను ఏది ఎంచుకున్నానో మీకు తెలుసు.

"మన పెద్దవాళ్ళు చెయ్యలేదా? వాళ్ళకి ఈ స్ట్రెస్ మాటలు తెలుసా?" అంటారు కొందరు. చేశారు. ఉమ్మడి కుటుంబాల్లో ఆ పని నలుగురి మీద పడేది, పగలొకరు రాత్రొకరు ఉండేవారు. అన్ని ఇళ్ళల్లోనూ అలా జరగలేదు. చాలా ఇళ్ళల్లో అదంతా చిన్నకోడలి మీదే పడింది. ఆ చిన్నకోడళ్ళు ఎంతమంది మంచం పట్టారో, ఏ జబ్బుతో పోయారో ఎవరూ లెక్క రాసి పెట్టలేదు. లెక్క లేనంత మాత్రాన నష్టం లేదనుకోకూడదు.

ఆ రాత్రి యుద్ధం ఆగింది

ఇప్పుడు వీడియోలోని కథకి వద్దాం. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అర్జునుడు వణికితే కృష్ణుడు విశ్రాంతి తీసుకోమన్నాడా? లే, నిలబడు అనలేదా?" అన్నాడు. నిజమే. కానీ అది యుద్ధం ఇంకా మొదలవని ఉదయం. ఒక్క బాణం కూడా వెయ్యని మనిషికి చెప్పిన మాట. అదే అర్జునుడు పద్నాలుగు రోజుల తర్వాత ఏం చేశాడో చూడండి.

పద్నాలుగో రోజు సైంధవుణ్ణి చంపాడు. మామూలుగా సూర్యాస్తమయానికి యుద్ధం ఆగాలి. ఆ రోజు కోపాలు ఎంత రేగాయంటే చీకటి పడినా ఆపలేదు. కాగడాలు వెలిగించుకుని పోరాడారు. ఘటోత్కచుడు పడిపోయాడు. రాత్రి గడిచేకొద్దీ సైనికులు నిద్ర ఆపుకోలేకపోయారు. ఏనుగుల మీద, గుర్రాల మీద తూలిపోతున్నారు. చేతుల్లో ఆయుధాలు జారుతున్నాయి. ఎవరు తమవాళ్ళో ఎవరు పగవాళ్ళో తెలియకుండా కొట్టుకుంటున్నారు.

అప్పుడు అర్జునుడు గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాడు: మీరూ మీ వాహనాలూ అలసిపోయారు, కళ్ళు మూతలు పడుతున్నాయి, చంద్రుడు వచ్చేదాకా ఇక్కడే పడుకోండి, తర్వాత మళ్ళీ మొదలుపెడదాం. ఆ మాటని రెండు సేనలూ ఒప్పుకున్నాయి. కౌరవ సైనికులు కూడా అర్జునుణ్ణి దీవించారు. ఎక్కడివాళ్ళక్కడ, ఏనుగు మెడ మీద ఒకరు, రథం మీద ఒకరు, నేల మీద ఒకరు నిద్రపోయారు. చంద్రోదయం అయ్యాక లేచారు.

అదే రోజు పొద్దున అర్జునుడి మనసులో అభిమన్యుడి చావు తాలూకు మంట ఉంది. అంత పగతో ఉన్నవాడికి, ఎదుటి సేన కూడా అలసిపోయిందని కనిపించింది. శత్రువు అలసటని గుర్తించడం ధర్మమైతే, పక్క గదిలో ఉన్న అమ్మ అలసటని గుర్తించకపోవడాన్ని ఏమనాలి?

ఇంకొక చిన్న విషయం గమనించండి. ఆ సైనికుల్లో ఎవరూ తమంతట తాము "మాకు నిద్ర కావాలి" అని అడగలేదు. అడిగితే పిరికివాడంటారు. ఆ మాట అనగల స్థానంలో ఉన్నవాడు అన్నాడు. ఇంట్లో కూడా అంతే. సేవలో మునిగిపోయిన మనిషి విశ్రాంతి అడగదు. అడగడం తప్పని ఆమెకి చిన్నప్పటి నుంచీ నేర్పాం. ఆపమని చెప్పవలసింది చూస్తున్నవాళ్ళు.

గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా తిండిలో, నిద్రలో, పనిలో మితం పాటించినవాడికే యోగం కుదురుతుందన్నాడు. నిద్ర మానుకోవడం గొప్ప సాధన అని ఆయన ఎక్కడా అనలేదు.

ఒక జాగ్రత్త

ఇదంతా చదివాక దయచేసి ఒక పని చెయ్యకండి. జబ్బు పడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి "నువ్వు టెన్షన్ పడి తెచ్చుకున్నావ్" అనకండి.

1991లో షెల్డన్ కోహెన్ బృందం ఇంగ్లండ్‌లో 394 మందికి జలుబు వైరస్‌లు ఉన్న చుక్కలు ముక్కులో వేసి చూసింది. ఒత్తిడి అతి తక్కువ ఉన్నవాళ్ళలో సుమారు 27 శాతం మందికి జలుబు చేసింది. అతి ఎక్కువ ఉన్నవాళ్ళలో సుమారు 47 శాతం మందికి చేసింది. తేడా పెద్దదే. కానీ ఈ అంకెలని రెండోవైపు నుంచి కూడా చదవండి. ప్రశాంతంగా ఉన్నవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా జలుబు వచ్చింది. ఒత్తిడిలో మునిగినవాళ్ళలో సగానికి పైగా జనానికి రాలేదు. ఒత్తిడి ప్రమాదాన్ని పెంచుతుంది, అంతే. ఒక మనిషికి ఒక జబ్బు ఎందుకొచ్చిందో అది చెప్పదు.

చింతకీ చితకీ మధ్య తేడా ఒక్క సున్నాయే అని పెద్దలు అన్నది మనల్ని హెచ్చరించడానికి. మంచం మీదున్నవాళ్ళని దెప్పడానికి కాదు. "నాగదోషం" అన్నా, "నీ ఆలోచనలే నీ జబ్బు" అన్నా, రోగి చెవికి రెండూ ఒకేలా వినపడతాయి: తప్పు నీదే అని. అసలే నొప్పి, దాని మీద నింద.

అలాగే జపం, ధ్యానం, భజన మనసుకి ఊరటనిస్తాయి. నాకు ఇస్తాయి, అమ్మకీ ఇస్తాయి. అవి మందుకి బదులు కావు. ఒంటికి ఒకవైపే మంట, పట్టీలా పొక్కులు కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పూజ తర్వాత చేసుకోవచ్చు. యాభై దాటినవాళ్ళకి షింగిల్స్ రాకుండా టీకా కూడా ఉంది, మీ డాక్టర్ని అడగండి.

మా ఇంట్లో ఏం మారింది

గుడి నుంచి వచ్చిన ఆ రాత్రి అమ్మకి సారీ చెప్పాను. ఇంకో వీడియో చేసి అందరి ముందూ చెబుతానన్నాను. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది:

"వీడియోలు వద్దు గానీ, శనివారం రాత్రి నువ్వు పడుకో ఆవిడ గదిలో."

అంతే. నాలుగేళ్ళలో అమ్మ నన్ను అడిగిన మొదటి సాయం అది. అదీ నేను కదిలిస్తేనే.

మొదటి శనివారం నాన్నమ్మ మూడుసార్లు లేచింది. మూడోసారి నన్ను చూసి భయపడి ఎవరు నువ్వని అరిచింది. అమ్మ పరిగెత్తుకొచ్చింది. మొదటి నెల అంతా ఇలాగే నడిచింది, అమ్మ నిద్రపోయింది లేదు. ఇంకో మనిషిని పెట్టుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. "అత్తయ్యని పరాయివాళ్ళ చేతికి అప్పజెప్పమంటావా? నలుగురూ ఏమంటారు?" అంది. ఒప్పించింది నేను కాదు, మా అత్త. విజయవాడ నుంచి వచ్చి వారం రోజులు ఉండి, రాత్రుళ్ళు చూసి, "వదినా, నేను కన్నకూతుర్ని. నాకే వారానికి ఒళ్ళు హూనమైంది. నీ ఒళ్ళు ఇనపదా?" అంది.

ఇప్పుడు పగలు ఆరు గంటలు ఒక ఆయా వస్తుంది. శని, ఆదివారాలు రాత్రి నాది. బుధవారం నాన్నది. మొదట్లో గొణిగారు, ఇప్పుడు నాన్నమ్మకి పాత కథలు చెబుతూ కూర్చుంటున్నారు. రెండు నెలలకోసారి అత్త వచ్చి వారం ఉంటుంది. ఆ వారం అమ్మ తన అక్క దగ్గరికి వెళ్తుంది. నా కాల్స్ రెండు వేరేవాళ్ళకి మార్పించుకున్నాను. మన వీడియోలు వారానికి రెండు నుంచి ఒకటికి తగ్గింది ఇందుకే. కారణం ఇప్పుడు చెబుతున్నాను.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నాన్నమ్మ జబ్బు పెరుగుతూనే ఉంది. ఆయా ఇచ్చే జీతం లెక్క ప్రతి నెలా ఇంట్లో చర్చే. ఇలా మనిషిని పెట్టుకునే స్తోమత అన్ని ఇళ్ళకీ ఉండదని నాకు తెలుసు. వంతులు వేసుకోవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. పక్కనున్నవాళ్ళు ఒక రాత్రి లేస్తే చాలు.

గడియకి గంట ఇంకా ఉంది. మొన్న గుడిలో హారతి గంట మోగినప్పుడు అమ్మ వైపే చూస్తూ నిలబడ్డాను. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. గుమ్మం వైపు తిరగలేదు. నెమ్మదిగా చేతులు జోడించింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉంటారు. మంచాన పడ్డ తాతగారిని చూసుకునే అమ్మమ్మో, బుద్ధి ఎదగని తమ్ముణ్ణి చూసుకునే అమ్మో, రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చునే నాన్నో. వాళ్ళని ఈ వారం పొగడకండి. "రాత్రి నిద్ర ఎలా ఉంటోంది?" అని అడగండి. "బాగానే ఉంది" అంటారు. నమ్మకండి. ఒక రాత్రి వాళ్ళ చోట మీరు పడుకుని చూడండి.

చూసుకుంటున్నది మీరే అయితే, అలసిపోవడం పాపం కాదండీ. అడగండి. అడిగే అలవాటు లేకపోతే, ఇది చదివించండి మీ ఇంట్లోవాళ్ళ చేత.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.